వేరు కుంపటి

తెలుగులో కుంపటి చుట్టూ అల్లుకున్న మాటలు రెండు మనకి బాగా తెలుసు. అన్నదమ్ములు విడిపోతే వేరు కుంపటి పెట్టారంటాం. పెళ్లీడుకొచ్చిన కూతుర్ని గుండెల మీద కుంపటి అంటాం. మొదటి మాటలో కుంపటి అంటే అధికారం, రెండో మాటలో భారం. మొదటిది పెట్టుకునేది మగవాళ్లు, దాని ముందు కూచుని పొగలో కళ్లు తుడుచుకునేది వాళ్ల భార్యలు. రెండోది ఆడపిల్లే. ఆడమనిషికి తనదంటూ ఒక కుంపటి, వండి పెట్టడానికి కాకుండా, వెచ్చగా కూచుని చదువుకోవడానికీ రాసుకోవడానికీ ఉండడమన్న ఊహ ఈ రెండు మాటల్లోనూ లేదు. మన ఎండల్లో అలాంటి ఊహతో పని కూడా లేదు. మసాచుసెట్స్ పశ్చిమ భాగంలో, కట్టెల పొయ్యి ఒక్కటే వెచ్చబెట్టే పాత చెక్క ఇంట్లో రెండు శీతాకాలాలు గడిపాక, నేను ఆ మాట గురించి మళ్లీ ఆలోచించడం మొదలుపెట్టాను.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయిత్రులు ఇంటి గురించి, ఇంటి చాకిరీ గురించి ఏం రాశారన్నది నా పరిశోధన. వయసు మళ్లిన దంపతుల ఇంట్లో మేడ మీద ఉత్తరం వైపు గది అద్దెకి తీసుకున్నాను. కింద ముందు గదిలో పోత ఇనుముతో చేసిన పొయ్యి. ముందు అద్దం తలుపు, వెనక నుంచి పైకప్పు దాటి పోయే పొగగొట్టం. దాని మీద వంట చెయ్యరు, అది ఇంటిని వెచ్చబెట్టడానికే. జనవరిలో బయట మైనస్ 15 డిగ్రీలున్న రోజున పొయ్యి గదిలో 27, పక్కన భోజనాల గదిలో 21, నా గదిలో 13. ఒకే కప్పు కింద మూడు రుతువులు! కింద వాళ్లు పొట్టి చేతుల చొక్కాలతో కూచునేవారు. పైన నేను వేళ్ల కొసలు కత్తిరించిన ఉన్ని గ్లవ్స్ తొడుక్కుని టైపు చేసేదాన్ని.

ఇల్లంతా సమానంగా వెచ్చబడాలంటే ఏం చెయ్యాలన్నది, మన ఊళ్లలో నీళ్ల సంగతిలాగా, అక్కడ ఇద్దరు కలిస్తే మాట్లాడుకునే విషయం. పొయ్యి వేడి రెండు రకాలుగా అందుతుంది. ఒకటి ఎండలాగా సూటిగా, ఎదురుగా ఉన్నవాళ్లకే. రెండోది గాలి ద్వారా. వేడెక్కిన గాలి పైకి లేచి కప్పు వెంట పక్కగదుల్లోకి, మెట్ల మీదుగా మేడ మీదికి పోతుంది. దాని చోటు నింపడానికి చల్లగాలి మెట్ల మీంచి జారి, నేల వెంట పొయ్యి దగ్గరికి వస్తుంది. ఈ తిరుగుడు ఎక్కడా ఆగకపోతేనే ఇల్లు వెచ్చబడుతుంది. చాలామంది పొయ్యి పక్కన ఫ్యాను పెట్టి వేడిగాలిని చల్లటి గదిలోకి తోస్తారు. మా ఇంటావిడ ఆ పని చూసి నవ్వేది. ఫ్యాను పెట్టవలసింది చల్లటి గదిలో, నేల మీద, పొయ్యి వైపు తిప్పి. ఎలాగూ అటే పోతున్న చల్లగాలిని అది ఇంకాస్త ముందుకి పంపుతుంది. ఖాళీ అయిన చోటికి వెచ్చటి గాలి పైనుంచి దానంతటదే వచ్చి చేరుతుంది.

అంటే వేడిని పంచాలంటే ముందు చలిని పొయ్యి దాకా రానివ్వాలి. ఆ చిన్న ఫ్యాను తిరుగుతున్నప్పుడల్లా నాకు మన సాహిత్యోద్యమాలు గుర్తొచ్చేవి. మధ్యలో ఉన్నవాళ్లు అంచుల్లో ఉన్నవాళ్ల వైపు దయతో ఇంత వెచ్చదనం తోయడం ఒక పద్ధతి. అంచుల్లో ఉన్నవాళ్లే తమ చలితో సహా నడిమింట్లోకి రావడం రెండో పద్ధతి. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు తెలుగు స్త్రీవాదంలో జరిగింది రెండోదే. గదిలో ఉన్నవాళ్లకి కాసేపు చలేసింది. ఇల్లు మాత్రం అలాగే వెచ్చబడుతుంది.

అయితే ఈ గాలి తిరగాలంటే తలుపులన్నీ తీసే ఉండాలి. చిక్కు అక్కడే వచ్చింది. తలుపు తీసి ఉంచితే నా గది గంటలో 17, 18 డిగ్రీలకి వచ్చేది. దాంతోపాటు కింద టీవీ, ఫోను మాటలు, వంటింటి చప్పుళ్లు, మెట్లెక్కుతూ 'ఏం చేస్తున్నావ్' అని పలకరించే ప్రేమ కూడా వచ్చేవి. తలుపు మూస్తే నిశ్శబ్దం, చలి. రచన చెయ్యాలనుకునే స్త్రీకి కొంత డబ్బూ, గొళ్లెం పెట్టుకోగల సొంత గదీ కావాలని వర్జీనియా వూల్ఫ్ 1929లో చెప్పిన మాట మనందరం తరగతుల్లో చెప్పుకున్నదే. కట్టెల పొయ్యి ఇంట్లో ఆ గొళ్లెం ఖరీదు నాలుగైదు డిగ్రీలని నాకు అక్కడ తెలిసింది. ఉమ్మడి వెచ్చదనం కావాలంటే ఏకాంతం వదులుకో, ఏకాంతం కావాలంటే వణుకు! ఈ బేరం మనకి కొత్తదేం కాదు. ఉమ్మడి కుటుంబాల్లో, అత్తిళ్లలో, పుట్టిళ్లలో కూడా, తలుపు మూసుకున్న ఆడదానికి ఇంటి వెచ్చదనం ఆగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం.

ఆ ప్రాంతపు పాత ఇళ్లలో దీనికొక ఉపాయం ఉండేది. పొయ్యి గది కప్పులో, అంటే పైగది నేలలో, రంధ్రం చేసి ఇనప జాలీ బిగించేవారు. తలుపు మూసినా వేడి పైకొస్తుంది. నిప్పంటుకుంటే మంటలూ పొగా కూడా అదే దారిన పైకొస్తాయి కాబట్టి, ఇప్పుడు వాటిని అంత తేలిగ్గా పెట్టనివ్వరు. నా గదిలో అలాంటిదొకటి మిగిలి ఉంది. అందులోంచి వేడి ఎంత వచ్చేదో మాటలూ అంతే వచ్చేవి. ఇంటికి ఫోను చేసి అమ్మతో నేను తెలుగులో గట్టిగా మాట్లాడేది వాళ్లకి అర్థం కాదన్న ధైర్యంతోనే. భాష నాకు ఆ ఇంట్లో తలుపు అయింది.

మేమున్న ఊరికి దగ్గర్లోనే ఏమ్‌హర్స్ట్. ఎమిలీ డికిన్సన్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మేడ మీద నైరుతి మూల ఆమె గది. చిన్న బల్ల, మంచం, ఒక ఫ్రాంక్లిన్ స్టవ్. చాలామంది ఆ తెల్ల గౌను నమూనా చూస్తారు, బల్ల చూస్తారు. రెండో చలికాలంలో వెళ్లిన నాకు మాత్రం కళ్లన్నీ పొయ్యి మీదే. ఈమెకి సొంత నిప్పు ఉంది! తలుపు మూసుకుని, వణక్కుండా రాయగలిగింది. గదిలోకి వచ్చిన మేనకోడలికి చేతిలో లేని తాళంచెవిని తిప్పి చూపించి, స్వేచ్ఛంటే అదేనన్నట్టు చెప్పిందని ఆ మేనకోడలు తర్వాత రాసుకుంది. ఆమె రాసిన దాదాపు 1800 కవితల వెనక ఆ మూసిన తలుపూ, ఆ తలుపు వెనక ఆ పొయ్యీ ఉన్నాయి. తండ్రి ఇంట్లోనే, ఎవరితోనూ పోట్లాడకుండా, ఆమె పెట్టుకున్న వేరు కుంపటి అది.

కానీ పొయ్యి ఉంటే చాలదు, దాన్ని రోజూ బతికించాలి. నిప్పు రాజెయ్యాలి, బూడిద ఎత్తాలి, మసి తుడవాలి. డికిన్సన్ ఇల్లు పనివాళ్లున్న ఇల్లు. 1869 నుంచి అక్కడ పనిచేసిన ఐరిష్ స్త్రీ మార్గరెట్ మేహర్. ఎమిలీ తన కవితల్ని ఈమె పెట్టెలో దాచిందనీ, తాను పోయాక తగలబెట్టమని చెప్పిందనీ, మేహర్ మాత్రం ఆ పని చెయ్యలేదనీ అంటారు. 1886లో ఎమిలీ పోయాక చెల్లెలు లవీనియా అక్కకి వచ్చిన ఉత్తరాల్ని తగలబెట్టింది. కవితలు మిగిలాయి. రోజూ నిప్పుతో పనిచేసే మనిషికి దేన్ని నిప్పులో వెయ్యకూడదో తెలుసన్నమాట! సొంత గది గురించి మాట్లాడేటప్పుడు ఆ గది మెట్లెక్కి దిగిన కాళ్ల గురించి కూడా మాట్లాడాలని మేహర్ నాకు గుర్తుచేస్తుంది.

మా ఇంట్లో ఆ కాళ్లు ఇంటావిడవి. కట్టెలు ఆయన బాధ్యత. అక్కడ కట్టెల్ని కార్డ్ లెక్కన కొంటారు: నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అంటే 128 ఘనపుటడుగులు. ఆయన వేసవిలో వాటిని చీల్చి, గోడలాగా అందంగా పేర్చి, ఏడాది ఆరబెట్టేవాడు. పచ్చికట్టె మండితే వేడి నీళ్లని ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది. పొగగొట్టం లోపల క్రియోసోట్ అనే తారులాంటి మసి పేరుకుని ఒకరోజు గొట్టమే అంటుకుంటుంది. ఆ దారిన పోయేవాళ్లు కట్టెల గోడ చూసి ఆయన్ని మెచ్చుకునేవారు. రాత్రి పదింటికి నింపిన పొయ్యి రెండింటికి నిప్పుల కుప్పవుతుంది. గాలి బాగా తగ్గిస్తే తెల్లవార్లూ రగులుతుంది గానీ, మళ్లీ ఆ మసే. కాబట్టి ఎవరో ఒకరు లేవాలి. ముప్ఫయ్యేళ్లుగా లేచింది ఆవిడ. ఆ లేవడాన్ని దారిన పోయేవాళ్లెవరూ చూడలేరు. రష్యాలో, ఫిన్లండ్‌లో ఇటుకలతో కట్టే బరువైన పొయ్యిల్లో రోజుకి ఒకటి రెండుసార్లు పెద్ద మంట వేస్తే చాలు, ఇటుకలు ఆ వేడిని గంటలకొద్దీ మెల్లగా వదులుతాయి. ఇనుముకి ఆ ఓర్పు లేదు. ఇనుము దాచుకోలేని వేడిని ఆవిడ నిద్ర భర్తీ చేసేది.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1744లో తన కొత్త పొయ్యి గురించి వేసిన చిన్న పుస్తకంలో ఆడవాళ్ల ప్రస్తావన ఉంది. ఎక్కువగా ఇంట్లోనే కూచుంటారు కాబట్టి చలిగాలికి వాళ్లకి జలుబులు, చిగుళ్ల జబ్బులు వచ్చి పళ్లు పోతున్నాయని బాధపడ్డాడు. బాధ నిజమే కావచ్చు. కాకపోతే ఆయనకి కనిపించింది కూచున్న ఆడవాళ్లు, పొయ్యి చుట్టూ తిరిగే ఆడవాళ్లు కాదు. ఆ లోటు తీర్చింది 1869లో 'ది అమెరికన్ ఉమన్స్ హోమ్' రాసిన కేథరిన్ బీచర్, హేరియెట్ బీచర్ స్టో అనే అక్కచెల్లెళ్లు. పొయ్యిలకి, పొగగొట్టాలకి, ఇంట్లో గాలి తిరగడానికి అధ్యాయాలే కేటాయించారు. ఇంటిపనిని శాస్త్రం చేశారు గానీ, ఆ శాస్త్రం ఆడవాళ్లదేనని వాళ్లూ ఒప్పేసుకున్నారు. పోత ఇనుము పొయ్యి తక్కువ కట్టెలతో సరిపెట్టి మగవాళ్ల కట్టెకొట్టుడు పనిని తగ్గించిందే తప్ప ఆడవాళ్ల పనిని తగ్గించలేదని రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకంలో చూపించింది. పరికరం మారితే శ్రమ తగ్గుతుంది, కానీ ఎవరి శ్రమ? ఈ ప్రశ్న మన దగ్గరా వేసుకోవలసిందే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద ఆడవాళ్లకి గ్యాసు కనెక్షన్లిచ్చారు. పొగ తగ్గడం చిన్న విషయం కాదు, అది ఊపిరితిత్తులకి సంబంధించిన విషయం. అయినా సిలిండరు వచ్చిన ఇళ్లలో పొయ్యి ముందు నిలబడే మనిషి మారిందా?

రెండో ఏడు మేం ముగ్గురం కూచుని మాట్లాడుకున్నాం. నేను నా ఖర్చుతో చిన్న ఎలక్ట్రిక్ హీటరు కొనుక్కున్నాను. కరెంటు బిల్లులో నా వాటా కట్టేట్టు ఒప్పందం. పొద్దున్న నాలుగు గంటలు తలుపు మూసుకుని, హీటరు పెట్టుకుని రాసేదాన్ని. మిగతా రోజంతా తలుపు బార్లా, ఫ్యాను నేల మీద. రాత్రి రెండింటి వంతుని మూడుగా పంచుకున్నాం. ఆయన మొదట గొణిగాడు. ఆయన వంతు రోజుల్లో రెండు మూడుసార్లు పొయ్యి పూర్తిగా ఆరిపోయింది కూడా. ఆవిడ లేచి వెళ్లలేదు. ఇల్లంతా సమానంగా చల్లబడింది, మరుసటి వారం నుంచి ఆయనకి మెలకువ వచ్చింది.

అన్ని గదుల్లో ఒకే డిగ్రీ ఉండడం సమానత్వమని నేననుకోను. పడకగది కాస్త చల్లగా ఉన్నా నష్టం లేదు, పసిపిల్లలూ ముసలివాళ్లూ ఉన్న గది ఇంకాస్త వెచ్చగా ఉండాలి. తలుపు తియ్యడం, ముయ్యడం ఆ గదిలో ఉన్న మనిషి చేతిలో ఉండాలి, ముయ్యడానికి శిక్షగా చలి ఉండకూడదు. రాత్రి రెండింటికి ఎవరు లేస్తున్నారన్నది అందరికీ తెలిసి ఉండాలి. ఇంట్లో థర్మామీటరు ఒక్కటీ ఈ సంగతి చెప్పదు. ఆ ఇల్లు వదిలి వచ్చేశాక ఆవిడ రాసిన మొదటి ఉత్తరంలో వాతావరణం గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. మిగతా అంతా తన నిద్ర గురించి.