ముంబై రోడ్డు మీద జీపీఎస్ బేరం

నెల్లూరు నుంచి పడమటికి పోయే రోడ్డుకు కాగితాల మీద పేరు 67వ జాతీయ రహదారి. జనం నోట మాత్రం అది ముంబై రోడ్డే. కృష్ణపట్నం ఓడరేవు నుంచి వచ్చి, నెల్లూరు దాటి, కొంతదూరం పెన్నకు తోడుగా నడిచి, ఆత్మకూరు, మర్రిపాడు మీదుగా వెలిగొండలెక్కి బద్వేలు వైపు దిగుతుంది. అక్కడితో ఆగకుండా మైదుకూరు, తాడిపత్రి, బళ్ళారి మీదుగా కర్ణాటక పడమటి కొసకు పోతుంది. డెల్టా వరి, మెట్ట పొగాకు, కొండ అడవి, ఈ మూడింటినీ ఒక్క పూటలో చూపించే దారి ఇది. మోటారు సైకిలుకు తక్కువ ఖర్చులో జీపీఎస్ అమర్చుకోవాలనుకునేవాళ్ళు ఏది కొనాలో ఈ దారినే అడిగి తెలుసుకోవచ్చు.

బండి తీసేముందు ఒక లెక్క తేల్చుకోవాలి. ఉపగ్రహాల సంకేతానికి మనల్ని ఎవరూ పైసా అడగరు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాలు లక్ష రూపాయల పరికరానికీ పాత ఫోనుకూ ఒకే సంకేతాన్ని పంపుతాయి. ఒకప్పుడు పౌరుల సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేవారు. 2000 మే మొదట్లో దాన్నీ ఆపేశారు. మరి మన డబ్బు దేనికి పోతోంది? ఎండలో కనబడే తెరకు, వాననూ కుదుపునూ ఓర్చుకునే ఒంటికి, లోపలున్న పటానికి. మనం తిరిగే దారిలో ఈ మూడింట్లో ముందుగా ఏది చేతులెత్తేస్తుందో కనిపెట్టి, దానికే ఖర్చు పెట్టాలి.

మొదట బుచ్చిరెడ్డిపాళెం, తర్వాత సంగం. కాలవలు, వరిమళ్ళు, ఒకదాని వెంట ఒకటిగా ఊళ్ళు. దారి తప్పే ప్రసక్తే లేదు గనక ఈ ముక్కలో తెరను పరీక్షించుకోవచ్చు. పొద్దున్నే పడమటికి పోతుంటే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. ఆ వెలుతురంతా హ్యాండిల్ మీది అద్దం మీద పడుతుంది. ఇంట్లో మెరిసిపోయిన ఫోను ఇక్కడ నల్లపలకలా కనిపిస్తుంది. వేసవిలో ఇంకో చిక్కు. ఐఫోనును 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని దాన్ని చేసిన ఆపిల్ కంపెనీ చెబుతుంది. నెల్లూరులో మే నెల ఎండ 40 దాటడం మామూలే. వేడెక్కిన ఫోను ముందు వెలుగు తగ్గించుకుంటుంది, తర్వాత ఛార్జింగు నిలిపేస్తుంది, ఆఖరికి తనే ఆగిపోతుంది. జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచిలాంటి హోల్డరు చవకే గానీ లోపలి వేడిని బయటికి పోనివ్వదు. దాన్ని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే మన వానలకు ఉంచుకుని, ఎండాకాలం నాలుగు మూలలా పట్టి ఉంచే తెరిచిన హోల్డరు వాడడం మేలు.

కుదుపుల సంగతీ ఇక్కడే చూసుకోవాలి. శక్తిమంతమైన మోటారు సైకిలు ఇంజన్ల కంపనం ఫోను కెమెరాలోని సున్నితమైన భాగాలను దెబ్బతీయవచ్చని 2021లో ఆపిల్ హెచ్చరించింది. ఒంటి సిలిండరు బుల్లెట్ నడిపేవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. హోల్డరు కింద కంపనాన్ని మింగే రబ్బరు ముక్క ఉందో లేదో చూసి కొనాలి. గార్మిన్ జూమో ఎక్స్‌టీ లాంటి అసలైన బైకు జీపీఎస్ ఈ బాధలన్నీ తప్పిస్తుంది. తెర ఎండలో కనిపిస్తుంది, చేతికి గ్లవ్స్ ఉన్నా మాట వింటుంది, వానకు జంకదు. 2020లో అది వచ్చినప్పుడు అమెరికాలో ధర సుమారు 500 డాలర్లు. మన మెట్టలో ఆ డబ్బుకు నడిచే పాత బండే దొరుకుతుంది.

సంగం దగ్గర ప్రశ్న తెర నుంచి పటానికి మారుతుంది. ఇక్కడ పెన్న మీద కట్టిన బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో కన్నుమూసిన మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు దానికి పెట్టారు. ఆయన సొంతూరు బ్రాహ్మణపల్లి ఇదే దారిలో ముందున్న మర్రిపాడు మండలంలోదే. బ్యారేజీ మీదనే వంతెన రావడంతో ఏటికి అవతలున్న పొదలకూరు వైపు దారి తెరుచుకుంది. 2022కు ముందు పటం నింపుకుని, ఆ తర్వాత కొత్తది ఎక్కించుకోని పరికరానికి ఈ దారి తెలియదు. అందుకే ఎవరైనా వాడిన జీపీఎస్ చవకగా ఇస్తామంటే పటానికి కొత్త రూపం ఉచితంగా వస్తుందా, వస్తే ఎన్నేళ్ళ దాకా అన్నది మొదట అడగాలి. ఆ జవాబు లేని పరికరం ఎంత చవకైనా దండగే.

నెల్లూరు నుంచి అరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఆత్మకూరు వస్తుంది. ఈ ఊరి పేరు కొట్టి చూస్తే పటం గుణం తెలిసిపోతుంది. శ్రీశైలం దారిలో ఒక ఆత్మకూరు ఉంది, అనంతపురం దగ్గర ఇంకొకటి, వనపర్తి జిల్లాలో మరొకటి. ఉదయగిరి అని కొడితే ఒడిశా గుహలో, మధ్యప్రదేశ్‌లోని విదిశ గుహలో ముందుకు రావచ్చు. తెలుగు లిపిలో వెతికితే ఊరు దొరుకుతుందా, పిన్‌కోడుతో దొరుకుతుందా, మ్యాపు మీద వేలు నొక్కి చోటు గుర్తుపెట్టుకోనిస్తుందా అన్నవి కొనే ముందే చూసుకోవాలి. తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన డిజిపిన్ దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా కోసి, ఒక్కో గడికి పదక్షరాల గుర్తు ఇచ్చింది. ఇంటి నంబర్లు లేని పల్లెలకు అది అక్కరకు రాగల పని.

ఆత్మకూరులోనే కాదు, ఏ ఊరి మొబైలు షాపులోనైనా బండికి జీపీఎస్ కావాలంటే ఎక్కువగా చూపేది ట్రాకరు. సీటు కింద దాక్కుని, సిమ్ ద్వారా బండి ఎక్కడుందో యజమానికి చెప్పే డబ్బీ అది. దొంగల భయానికి మంచిదే గానీ దారి చూపదు. పైగా సిమ్ రీఛార్జి ఖర్చు వెంటాడుతూ ఉంటుంది. రెండో తికమక కొత్త బళ్ళ మీటర్లలో ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మెటియర్‌తో తెచ్చిన ట్రిప్పర్ కూడా దారిని తనంతట తాను వెతకదు. జేబులోని ఫోను బ్లూటూత్‌లో పంపే బాణం గుర్తులనే చూపిస్తుంది. ఫోను పడుకుంటే మీటరూ పడుకుంటుంది.

పోలీసుల సంగతి కూడా తెలిసి ఉండాలి. బండి నడుపుతూ ఫోను పట్టుకోవడం నేరం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2020 అక్టోబరు నుంచి అమలైన సవరణ మాత్రం, ధ్యాస చెదరని రీతిలో దారి చూసుకోవడానికి ఫోను వాడుకోనిస్తుంది. హోల్డరులో బిగించిన ఫోనుకూ చేత్తో పట్టుకున్న ఫోనుకూ తేడా అక్కడే ఉంది.

ఆత్మకూరు దాటాక నేల ఎరుపెక్కుతుంది. మర్రిపాడు వైపు మెట్ట చేలు, పొగాకు బ్యారన్లు కనిపిస్తాయి. ఈ ప్రాంతపు పొగాకు డీసీపల్లి వేలం కేంద్రానికి చేరుతుంది. పెద్దరోడ్డు వదిలి పల్లెల్లోకి తిరిగితే గూగుల్ పటం, స్వచ్ఛందంగా జనమే గీసుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, మన దేశపు మ్యాపుల్స్ ఒకే దారిని మూడు రకాలుగా చూపవచ్చు. మూడూ ఉచితమే గనక రెండింటిని ఫోనులో పెట్టుకుని పోల్చుకుంటే నష్టం లేదు. దగ్గరిదారి అని పటం పంపే మట్టిబాట వాన వెలిసిన మర్నాడు బండిని మడ్‌గార్డు దాకా ముంచగలదు. కాబట్టి మట్టిరోడ్లు వద్దు అని చెప్పే వీలున్న యాప్‌కే నా ఓటు.

మర్రిపాడుకు ఉత్తరాన ఉదయగిరి ఉంది. ఆ దుర్గాన్ని గజపతుల చేతి నుంచి 1514లో గెలుచుకునేందుకు శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి సాగించాల్సి వచ్చింది. ఇప్పటికీ దుర్గం పైకి కాలినడకే దిక్కు. బండి మీటరులో కలిసిపోయిన నావిగేషన్ ఆ కొండ ఎక్కదు. హోల్డరు నుంచి తీసి జేబులో వేసుకున్న ఫోను ఎక్కుతుంది, నడిచిన బాటను గీసి ఉంచి, దిగేటప్పుడు అదే బాట చూపిస్తుంది.

మళ్ళీ ముంబై రోడ్డు పట్టి పడమటికి పోతే వెలిగొండ ఘాటు. ఇలాంటి కొండదారుల్లో ఫోను సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సిగ్నల్ పోతే జీపీఎస్ కూడా పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. పోయేది ఇంటర్నెట్టు, దానితో వచ్చే పటమూను. ఆకాశంలో నాలుగు ఉపగ్రహాలు కనిపిస్తే చాలు, ఫోను తానెక్కడుందో లెక్క కట్టుకోగలదు. నెల్లూరు నుంచి బద్వేలు దాకా పటాన్ని ఇంటి దగ్గరే దింపుకుంటే ఘాటులోనూ బాణం ఆగదు. నెట్టు లేకుండా మొదటిసారి ఉపగ్రహాలను పట్టుకోవడానికి మాత్రం ఫోనుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అందుకే యాప్‌ను ఊళ్ళోనే తెరిచి పెట్టాలి, లోయలో తెరవకూడదు.

లోయల్లో కొండలు ఆకాశాన్ని కొంత కప్పేస్తాయి. మన నావిక్ వ్యవస్థ ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఎప్పుడూ ఈ ప్రాంతం మీదే ఉంటాయి గనక వాటి తోడు ఇలాంటి చోట ఉపయోగం. వాటిలో మొదటిది 2013 జులై 1న శ్రీహరికోట నుంచి, అంటే అప్పట్లో ఇదే నెల్లూరు జిల్లాలో ఉన్న నేల మీద నుంచే, లేచింది. తర్వాత దాని పరమాణు గడియారాలు చెడిపోయాయి. దాని బదులు 2017 ఆగస్టులో పంపినది రాకెట్టు ఉష్ణకవచం విడిపోక వృథా అయింది. 2023 మేలో వెళ్ళిన ఎన్‌వీఎస్-01తో కొత్త తరం మొదలైతే, 2025 జనవరిలో వెళ్ళిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. కాబట్టి పెట్టె మీద నావిక్ అన్న పేరు చూసి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఉపగ్రహాలు పంపే ఎల్1 అనే మామూలు సంకేతంతో పాటు ఎల్5 అనే రెండో సంకేతం కూడా అందుకునే ఫోను దొరికితే మంచిది. కొండరాళ్ళకు తగిలి తిరిగొచ్చే సంకేతాల వల్ల కలిగే పొరపాటు అందులో తక్కువ.

పీపీకుంట దాటి కడప జిల్లాలో బద్వేలు వైపు దిగేసరికి బేరం తేలిపోతుంది. ఈ దారిలో ముందు ఓడిపోయేవి ఫోను ఒళ్ళు, ఛార్జింగు. కనుక డబ్బు పోవాల్సింది కంపనాన్ని ఆపే హోల్డరుకు, బండి బ్యాటరీకి కలిపే మంచి యూఎస్‌బీ ఛార్జరుకు. అసలు ఫోనును ఎండకీ కుదుపుకీ బలి పెట్టడం ఎందుకనుకుంటే బీరువాలో మూలపడ్డ పాత ఆండ్రాయిడ్ ఫోనును బయటికి తీయండి. సిమ్ అక్కర్లేదు. ఇంటి వైఫైలో పటాలు దింపి హ్యాండిల్‌కు బిగిస్తే అది బైకు జీపీఎస్సే. పాడైనా పెద్ద బాధ ఉండదు, మాట్లాడే ఫోను జేబులో భద్రంగా ఉంటుంది. నెలకోసారి రాష్ట్రాలు దాటేవాళ్ళు, వానలో ఆగకుండా నడిపేవాళ్ళు పెద్ద పరికరం కొనుక్కుంటే తప్పులేదు. నెల్లూరు, మర్రిపాడు, బద్వేలు మధ్య తిరిగేవాళ్ళు మాత్రం ఆ డబ్బు మిగుల్చుకుని, అందులో కొంత ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్టుకు, కొంత అరిగిన టైర్లకు పెట్టడం న్యాయం. ఘాటు దిగేటప్పుడు పటంకన్నా ముందు కావాల్సినవి అవే.