ఊట మీద నిలిచిన రాయి

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకోవలసిన అనంతపురం పీఠభూమిలో ఏ కోట ఎందుకు పడిపోయిందో, ఏ గుడి ఎందుకు ఆ చోటనే వెలిసిందో ఆరా తీస్తూ పోతే, సమాధానం చాలాసార్లు నీటి దగ్గరే తేలుతుంది. ఇక్కడి ప్రాచీన కట్టడాల్లో ముఖ్యమైనవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల మేర అనుమతి లేనిదే ఏదీ కట్టరాదు. ఆవరణ ముందు నిలబెట్టిన నీలిరంగు పలక ఈ సంగతి చెబుతుంది గాని, ఎండలో నిలబడి దాన్ని పూర్తిగా చదివే ఓపిక యాత్రికుడికి అరుదుగానే ఉంటుంది.

2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారిన లేపాక్షిలో ఒక పగలంతా జనం మధ్యనే గడిచిపోతుంది. అక్కడి గుడిలోని వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగేవారి వరుసలో గడిచే సమయంలో సగమైనా పైకప్పు చిత్రాలకు దక్కదు.

గుత్తి కోట అందుకు భిన్నం. నిటారైన గుట్ట మీద గోడ వెనుక గోడగా, ద్వారం తరువాత ద్వారంగా సాగే ఆ దారిలో నీడ చాలా తక్కువ, మనుషులు అంతకన్నా తక్కువ. కొండ అంచున సున్నపు పూత నున్నగా మెరిసే చిన్న మండపాన్ని మురారిరావు గద్దె అంటారు. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్పుకుంటారు. అక్కడి నుంచి చూస్తే ఎంత దూరం నుంచి వచ్చే సైన్యమైనా కనిపించేటట్టు ఉంటుంది. అయినా 1776లో హైదరాలీ ముట్టడికి ఆ కోట లొంగిపోవడానికి గోడ బీటలివ్వడం కారణం కాదు. పైకోటలో తాగునీరు అడుగంటింది. ఫిరంగులు చేయలేని పని దాహం చేసింది. 1827లో పత్తికొండ వద్ద కలరాతో మరణించిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట ఖననం చేసింది కూడా గుత్తిలోనే. నాలుగేళ్ల తరువాత ఆయన అస్థికలను మద్రాసుకు తరలించారు.

తాడిపత్రి ఉదయం ఉగ్గానితో మొదలవుతుంది. బొరుగులను నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిపాయల తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇచ్చే ఈ రాయలసీమ ఫలహారానికి సాటిరాగల ఇడ్లీ ఆ వీధిలో దొరకదు. తెలుగు ఇళ్లలో నేలకు పరిచే తాడిపత్రి బండలను కోసి నునుపు చేసే కార్ఖానాలు ఊరి చుట్టూ ఉండటం వల్ల రాతిపొడి దారి పక్క చెట్ల ఆకుల మీద తెల్లగా పేరుకుంటుంది. రాయి కోయడం ఈ ఊరికి నేటికీ బతుకుతెరువే. పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయాన్ని చూడటానికి ఇంతకన్నా తగిన ఉపోద్ఘాతం అక్కర్లేదు.

గండికోటను ఏలిన పెమ్మసాని నాయకుల్లో రామలింగనాయుడు విజయనగర కాలంలో దీన్ని కట్టించాడు. ఊరి నడుమ ఉన్న చింతల వెంకటరమణాలయం అదే వంశపు తిమ్మానాయుడిది; అక్కడ రథం ఆకారంలో మలిచిన గరుడ మండపం ఉంది. అయితే యాత్రికుడి కాళ్లు కదలనిది మాత్రం బుగ్గ గుడి గోపురాల ముందే. విజయనగర పద్ధతిలో గోపురానికి కింది నిలువు భాగాన్ని రాతితోను, పైన అంతస్తులుగా సన్నబడే శిఖరాన్ని ఇటుక, సున్నంతోను కట్టేవారు. సాధారణంగా కింది రాతిని నిరాడంబరంగా వదిలి, బొమ్మలన్నీ పై గారపనికే కేటాయించేవారు. ఇక్కడ ఆ క్రమం తిరగబడింది. ఉత్తర, దక్షిణ గోపురాలకు శిఖరాలు లేవు, ఉత్తరపుది అసంపూర్తిగానే ఆగిపోయింది. కాని ఉన్న రాతి భాగంలో జానెడు చోటు కూడా ఖాళీగా లేదు. కట్టడానికి పీటలాంటిదైన అధిష్ఠానం, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన రాతి వరుసలు, ఆపై కుడ్యస్తంభాలు, అంటే గోడలోంచి సగం పొడుచుకొచ్చిన స్తంభాలు, వాటి నడుమ బుల్లి గుళ్ల వంటి గూళ్లు. ద్వారం పక్కన మకరంపై నిలబడిన స్త్రీ చేతిలోని తీగ మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది. పచ్చ ఛాయ గల ఆ గట్టి రాయి మీద ఉలి గీసిన అంచు అయిదు వందల ఏళ్ల తరువాత కూడా వేలికి పదునుగా తగులుతుంది. పందొమ్మిదో శతాబ్దపు వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ ఈ గోపురాలను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. శిఖరం లేకపోవడమే ఇక్కడ మేలు చేసిందనిపిస్తుంది. అది ఉండి ఉంటే చూపు నేరుగా పైకి పోయేది.

గోపురం దగ్గరి నుంచి చూస్తే పెన్న చాలా నెలలు ఇసుకగానే కనిపిస్తుంది. గర్భగుడిలో మాత్రం లింగం అడుగు నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. బుగ్గ అంటే ఊట, గుడి పేరు దానిదే. రక్షణ చట్టం 100 మీటర్లను రాతి నుంచి కొలుస్తుంది, ఊట మాత్రం ఏ హద్దుకూ అందని నేల లోపలి నుంచి వస్తుంది. గుత్తిలో ఏది కరువైతే అన్ని గోడలూ వృథా అయ్యాయో, అదే ఇక్కడ అర్చకుడి ఉద్ధరిణెలోంచి యాత్రికుడి అరచేతిలోకి చల్లగా జారుతుంది. ఈ నేల మీద దాన్ని ఒక్క చుక్క కూడా కింద పడనీయకుండా తాగడం అలవాటైనవారు తీర్థం వరుసలో ముందే నిలబడి ఉంటారు.