ప్రయోగానికి అమ్మే దొరికింది!

మా వాడు చిన్నప్పుడు గోడ గడియారం విప్పితే ఇంజనీరవుతాడని మురిసిపోయాను. ఆ గడియారం మళ్ళీ నడుస్తుందో లేదో చూసుకుని మురవాల్సింది!

మొన్న సంక్రాంతి సెలవులకొచ్చి, నేను సీరియల్ రాసుకునే కంప్యూటరు మీద పడ్డాడు. "ఇది నత్తలా నడుస్తోందమ్మా. కెర్నెల్‌కి కొత్త ప్యాచ్ వేస్తాను, గుర్రమైపోతుంది" అన్నాడు.

బి.ఏ. చదివినదాన్ని, నాకు ప్యాచ్ అంటే చిరిగిన గలీబుకి వేసే అతుకే. ఓపిగ్గా చెప్పాడు. ఇంటికి ఇల్లాలెలాగో కంప్యూటరుకి కెర్నెల్ అలాగట. ఎవరికి ముందు వడ్డించాలో, ఎవర్ని కాసేపు ఆగమనాలో అన్నీ తనే చూసుకోవాలి. ఆ వడ్డన వరస మార్చడానికే ఈ ప్యాచ్.

మా కంప్యూటర్లో ఉన్నది లినక్స్. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ 21 ఏళ్ళకే మొదలుపెట్టాడు. దాని లోపలి రాతని ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. 2009లో కాన్ కోలివాస్ అనే ఆస్ట్రేలియా మత్తు డాక్టరు ఇలాటి వడ్డన పద్ధతే ఒకటి రాసి విడుదల చేశాడు. మనుషుల్ని నిద్రపుచ్చే ఆయన కంప్యూటర్ల మత్తు వదిలించబోయాడన్నమాట! మా వాడు వేసింది ఆయనది కాదులెండి. ఇంకెవరిదో, ఇంకా పరీక్షలోనే ఉన్నది.

రెండు రోజులు నిజంగా గుర్రమే. వాడు హాస్టలుకి వెళ్ళిపోయాడు. మూడో రాత్రి, మా కథానాయకుడు ప్రేమించిన పిల్లతో తగవుపడి రైలెక్కుతూండగా తెర బిగుసుకుపోయింది. బాణం కదలదు. మూలనున్న గడియారం 10:47 దగ్గరే ఆగిపోయింది. క్యాప్స్‌లాక్ నొక్కితే దాని దీపమైనా వెలగదు. స్విచ్చి కట్టి మళ్ళీ వేస్తే ఆరు పేజీలు గల్లంతు!

మర్నాడూ అంతే. మావారు ఓల్టేజీ అన్నారు. పక్కింటి వదినగారు దిష్టి అన్నారు. మా వాడు ఫోన్లో దుమ్ము దులపమన్నాడు, రాత్రంతా మెమరీ పరీక్ష పెట్టించాడు. అందులో ఏ దోషమూ తేలలేదు. తన ప్యాచ్ మాట మాత్రం ఎత్తడు! తల్లికి కన్నబిడ్డను అనుమానించడం ఎంత కష్టమో, వాడికదీ అంత కష్టం.

"ఒరే, చారు రుచి మారితే ఆ పూట కొత్తగా ఏం వేశానా అని చూస్తాను నేను" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, కంప్యూటరు వెలిగేటప్పుడు వచ్చే పట్టికలో పాత కెర్నెల్ని ఎంచుకోమన్నాడు. కొత్తది తెచ్చినా పాతదాన్ని పారెయ్యరట. ఆ మాట నాకు భలే నచ్చింది.

పాతదానితో నాలుగు రోజులు నిక్షేపంగా నడిచింది. వాడికది చాలలేదు. పాతదానికీ కొత్తదానికీ తేడాలు బోలెడుట. ఒక్కసారికి ఒక్కటే మార్చాలిట. అదే కొత్త కెర్నెల్ని ప్యాచ్ లేకుండా తయారుచేసి అక్కణ్ణించే ఎక్కించాడు. వారం గడిచినా ఏమీ కాలేదు. ప్యాచ్ మళ్ళీ వేశాడు. సాయంత్రానికల్లా బిగుసుకుపోయింది. దొంగ దొరికాడు.

"పరీక్షలో ఉన్నదాన్ని నా కంప్యూటర్లోనే ఎందుకేశావురా?"

"నా దాంట్లో ప్రాజెక్టుందిగా!"

నాకు ఒళ్ళు మండింది. "అయితే ప్రయోగానికి నేను దొరికానా?"

"నీ సీరియల్లో రైలెక్కే కుర్రాడెవరో నాకు తెలీదా అమ్మా? నన్నడిగే రాశావా?"

ఈసారి బిగుసుకుపోయింది నేను.

కిందటేడు వంటింటి గట్టు మీద కూచుని, కళ్ళనీళ్ళతో నాకొక్కదానికే చెప్పుకున్న మాటలవి. పేరు మార్చి కథకి అతికించేశాను. వాడు వారం వారం చదువుతూనే ఉన్నాడు, పైకి ఒక్క మాటా అనలేదు.

ప్యాచ్ తీసేశాడు. ఆ ఆరు పేజీలూ నేను మళ్ళీ రాయాలి. ఈసారి పత్రికకి పంపేముందు వాడికి చదివి వినిపిస్తాను. వద్దంటే ఆ కుర్రాణ్ణి రైలెక్కించను.