పసుపు ఆవిరి

పసుపు ఉడకబెట్టే రోజులొస్తే మా మెండోరలో ఎటు చూసినా ఆవిరే. కిందటేడు మాత్రం ఆ ఆవిరి నా ఒంట్లోంచే బయల్దేరింది! అర్ధరాత్రి చెమటలు, గుండె దడదడ. నగలు ఏ డబ్బాలో ఉన్నాయో కోడలికి చెప్పి పోదామనుకున్నాను. మావారేమో, "పొద్దున చూద్దాం, పడుకో" అని అటు తిరిగారు.

నిజామాబాదులో తీయిస్తే ఈసీజీ బాగానే ఉంది. "ముట్టు ఆగి ఎన్నాళ్ళయింది?" అంది డాక్టరమ్మ. 49 ఏళ్ళదాన్ని, దానికీ దీనికీ ముడి ఉంటుందనుకోలేదు సుమండీ!

ఆరోగ్యమైన గుండె గడియారంలా కొట్టుకోదట. ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే నిదానం. వయసుతో ఆ హెచ్చుతగ్గులు తగ్గిపోతాయి. ఈస్ట్రోజన్ తగ్గడమూ దానికి తోడు. అలాగని దడను తేలిగ్గా తీసుకోకూడదు. ముట్లుడిగాక ఆడవాళ్ళకు గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది, బీపీ, షుగరు చూపించుకోవాలంది. నేనేమో అది మగవాళ్ళ జబ్బనుకుంటున్నాను ఇన్నాళ్ళూ!

ఇదంతా పక్కింటి వదినతో చెబుతుంటే, ఆవిడ బీడీల చాట పక్కన పెట్టేసింది.

"నాగ్గూడ గంతే వదినా. మూడేండ్లాయె. ఎవలకు చెప్పాలె?"

మర్నాడు పొద్దుటి బస్సు ఇద్దరం ఎక్కాం.