అమ్మ కాళ్లు చాపుకున్న రాత్రి

2023 మే నెలలో మా అమ్మను కువైటు నుంచి ఇంటికి తీసుకొచ్చాను. బిజినెస్ క్లాసులో తీసుకొచ్చాను. మొదటి మాట అందరికీ చెప్పాను. రెండో మాట చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. అప్పుచేసి డాబుకి పోయాడంటారని ఒక భయం. దానికంటె పెద్దది ఇంకొకటి ఉంది. అది చెప్పుకోడానికే ఇది రాస్తున్నాను.

మాది ఇబ్రహీంపట్నం. బెజవాడ నుంచి హైదరాబాదు రోడ్డెక్కితే కృష్ణ ఒడ్డున తగిలే ఊరు. 1979లో ఇక్కడ థర్మల్ కరెంటు మొదలైంది. మా మాదిగగూడెంలో ఏ వాకిట్లో నిలబడ్డా ఆ పొగగొట్టాలే కనపడతాయి. మా తాత చెప్పులు కుట్టేవాడు. ఊరందరి పాదాల కొలతలూ ఆయన వేళ్లకు తెలుసు. తన చెప్పులు మాత్రం పెద్దకులాల వీధి రాగానే చేతిలోకి తీసుకునేవాడు. మా అయ్య కాంట్రాక్టు కూలి. నేను ఏడో తరగతిలో ఉండగా పోయాడు. అమ్మ నాట్లకీ కోతలకీ పోయేది. కామందు గట్టుమీదకొస్తే, బువ్వ తింటున్న ఆడోళ్లు కూడా చటుక్కున కాళ్లు ముడుచుకునేవాళ్లు. ఆయన కంటపడేట్టు కాళ్లు చాపితే పొగరు కింద లెక్క.

ఫెర్రీ దగ్గర పంటు ఎక్కి ఏరు దాటడం మాకు తెలిసిన పెద్ద ప్రయాణం. పంటులో గొడ్లను కట్టేసిన వైపే మేం నిలబడేవాళ్లం. అటు పొమ్మని ఎవరూ చెప్పలేదు. మాకే తెలుసు.

2001లో అమ్మ కువైటు పోయింది. ఖద్దామా వీసా. ఖద్దామా అంటే పనిమనిషి. ఏజెంటుకు కట్టడానికి ఇంటిస్థలం తాకట్టు పెట్టింది. చదువులేదు గనక అమ్మ పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. రకం. పదో తరగతి ప్యాసుకానివాళ్లు కువైటులాంటి దేశాలకు కూలికి పోవాలంటే సర్కారు ముందు పరిశీలించాలని దానర్థం. నాకు ఆ బెడద లేదు. పది ప్యాసయ్యాను, డిగ్రీ చేశాను, బి.ఇడి. చేశాను. నా పాస్‌పోర్టుకు ఆ మూడక్షరాలు తగలకుండా కాపాడింది అమ్మ నెలనెలా పంపిన దీనార్లే.

పదిహేను రోజులకోసారి రాత్రి పన్నెండున్నరకు పక్కింటి ఫోను మోగేది. నన్ను లేపి తీసుకుపోయేవాళ్లు. అక్కడ అప్పుడు పది. అమ్మ పని అప్పటికి అయ్యేది. మన గడియారం కాకినాడకు దగ్గర్లో పోయే 82½ డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది, కువైటు రెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఇప్పుడు పిల్లలకు ఈ లెక్క చెప్పేటప్పుడల్లా నాకు ఆ ఫోనే వినపడుతుంది. 2015లో కువైటు ప్రభుత్వం ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదనీ, వారానికో సెలవుండాలనీ. పేపర్లో చదివి అమ్మకు చెప్పాను. "అట్టనా, మా మామాకి చెప్పు" అని నవ్వింది. మామా అంటే ఇంటి యజమానురాలు. అమ్మ పడుకునేది మెట్లకింద గదిలో. గది పొడవు అమ్మ పొడవుకంటె తక్కువ.

2012 డి.యస్.సి.లో నాకు సోషల్ మాస్టారి ఉద్యోగం వచ్చింది. చేరిన కొత్తల్లో స్టాఫ్‌రూంలో ఒక సారు అడిగాడు. "మీ అమ్మగారు కువైట్లో ఏం చేస్తారు మాస్టారూ?"

"హాస్పిటల్లో అండి."

"నర్సా?"

"ఆఁ" అన్నాను.

ఒక్క అక్షరం. పదకొండేళ్లు దాన్ని మోశాను. తరగతిలో మాత్రం అంబేద్కర్ బండి ప్రయాణం చెప్పేవాణ్ని. తండ్రి దగ్గరికి పోతుంటే, మైలపడతానని బండివాడు దిగి నడిస్తే, రెట్టింపు కిరాయి ఇచ్చి పిల్లలే బండి తోలుకున్న సంగతి. 1913లో ఆయన ఓడెక్కి అమెరికా చదువుకు పోయిన సంగతి. చెప్తుంటే నా గొంతు లేచేది. గంట కొట్టగానే స్టాఫ్‌రూంకి పోయి నర్సుగారబ్బాయిగా కూర్చునేవాణ్ని.

2023 జనవరిలో అమ్మ మెట్లమీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి ప్లేటు వేశారు. కాలు ముడిచి ఎక్కువసేపు కూర్చోకూడదన్నారు. యజమాని మామూలు టిక్కెట్టు ఇస్తానన్నాడు. ఆ సీట్లో అయిదు గంటలు అమ్మ వల్ల కాదు. కాలు చాపుకునే సీటు ముందు తరగతిలోనే ఉంది. అమ్మను ఒంటరిగా పంపే వీలు లేదు. రెండు టిక్కెట్లు. నా రెండు నెలల జీతం. మేం సి.పి.యస్. మాస్టార్లం, పి.ఎఫ్. లోను ఉండదు. ఎ.పి.జి.ఎల్.ఐ. మీద లోను తీశాను. వేసవి సెలవుల్లో వెళ్లాను.

ఆ రాత్రి ఎయిర్‌పోర్టులో అమ్మను చక్రాల కుర్చీలో తోసుకుంటూ పొడుగు వరసలోకి పోయాను. తాళ్లు కట్టిన అట్టపెట్టెలు, కడప మాట, గోదావరి మాట. మావాళ్ల వరస. టిక్కెట్టు చూసిన అమ్మాయి వచ్చి "మీది ఇటు" అని పిలిచింది. అక్కడ మా ముందు ఇద్దరే ఉన్నారు. పంటులో నిలబడ్డ చోటికే నా కాళ్లు పోయాయని అప్పుడు తెలిసింది.

విమానంలో సీటు మా ఇంట్లో మంచమంత ఉంది. మీట నొక్కితే వీపు వెనక్కి వాలుతుంది, కాళ్లకింద పలక పైకి లేస్తుంది. ఎయిర్‌హోస్టెసు అమ్మ ముందు మోకాళ్లమీద కూర్చుని, పలక సరిచేసి, మేజోళ్లు తొడగబోయింది. అమ్మ బాగున్న కాలు వెనక్కి లాక్కుంది. "వొద్దమ్మా, కాళ్లు ముట్టుకోబాక." ఆ పిల్లకు తెలుగు రాదు. నవ్వి, తొడిగి పోయింది. ఒకరి పాదాలముందు అట్లా కూర్చున్న మనిషిని నేను మా తాతనొక్కణ్నే చూశాను.

పింగాణీ పళ్లెంలో అన్నం, గాజు గ్లాసులో నీళ్లు. తిన్నాక అమ్మ పళ్లెం తుడిచింది. గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేర్చింది. గ్లాసు చేత్తో పట్టుకుని, "ఇయ్యి కడగడానికి ఎటు పోవాల్రా?" అంది. నా చిన్నప్పుడు మా వైపు ఒక హోటల్లో మా గ్లాసు వేరు. తాగి, కడిగి, బయట బోర్లించి రావాలి. కువైటు ఇంట్లోనూ అమ్మ పళ్లెం వేరు, సింకుకింద ఉండేది. "మనం కడగక్కర్లేదమ్మా" అన్నాను. చేతిలోంచి తీసుకునేదాకా గ్లాసు వదల్లేదు.

నడవకు అవతల సీట్లో ఒక పెద్దాయన. గుడివాడ దగ్గరి ఊరంట. అమెరికాలో కొడుకు దగ్గర్నుంచి కువైటు మీదుగా వస్తున్నాడు. తెలుగు వినపడి పలకరించాడు.

"ఏ ఊరు?"

"ఇబ్రహీంపట్నం అండి."

"అమ్మగారు కువైట్లో...?"

"హాస్పిటల్లో..." అని నేను అంటుండగానే అమ్మ అందుకుంది.

"ఆస్పత్రి కాదు బాబూ. ఇళ్లల్లో పాచిపని. ఇరవై రెండేళ్లు చేశా."

ఆయన కాసేపాగి, "పట్నంలో మీరు ఎవరు?" అన్నాడు.

"మాదిగోళ్లం."

టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పింది.

"టిక్కెట్టు సేటు కొనిచ్చాడా?"

"మా అబ్బాయి కొన్నాడు. పంతులు."

ఆయన తల ఊపి చెవులకు హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. ఇక మాట్లాడలేదు.

దీపాలు తగ్గించారు. అమ్మ నా వైపు వొంగింది.

"ఆస్పత్రి ఏందిరా?"

చెప్పాను. స్టాఫ్‌రూం సంగతి, ఆ ఒక్క అక్షరం సంగతి. నా పెళ్లప్పుడు శుభలేఖ ఇస్తూ కూడా అదే మాట చెప్పానని చెప్పాను. తిడుతుందనుకున్నా. ఏడుస్తుందనుకున్నా. చాలాసేపు పైకప్పు వంక చూసింది.

"నర్సైతే బాగానే ఉండేదిరా. నన్ను చదివించేవోళ్లేరీ?" అంది. దుప్పటి కప్పుకుని, రెండు కాళ్లూ బారా చాపి పడుకుంది.

నాకు నిద్రపట్టలేదు. జాషువా 1941లో గబ్బిలం రాశాడు. గుడిలోకి పోలేని మావాడు తన గోడు శివుడికి చెప్పిరమ్మని గబ్బిలాన్ని పంపుతాడు. ఎగిరిపోయింది గబ్బిలమే, మావాడు నేలమీదే ఉన్నాడు. ఇక్కడ మావాళ్లు విమానం నిండా ఉన్నారు. తెర వెనక ఉన్నారు.

బాత్రూంకని తెర తీసి వెనక్కి పోయాను. వరసల నిండా ఆడోళ్లు, ముందు బల్లమీద తలపెట్టి నిద్రపోతున్నారు. రాజంపేట వైపు మాట ఉన్న ఒకామె మెలకువగా ఉంది. నేను ముందునుంచి రావడం చూసింది.

"ముందర మంచాలుంటాయంట, నిజమేనా అన్నా?"

"నిజమే. మా అమ్మకు ఆపరేషనయింది, అందుకని..." అని ఏదో సంజాయిషీ మొదలుపెట్టాను.

"ఆయమ్మ పండుకునిందా?"

"పడుకుంది."

"పండుకోనీ" అంది. మళ్లీ బల్లమీద తల వాల్చింది.

పదింటికి కువైట్లో లేచిన విమానం మన టైము తెల్లవారుజాము అయిదింటికి శంషాబాద్‌లో దిగింది. మధ్యలో అమ్మ నిద్రపోయింది మూడు గంటలు. దిగేముందు లేచి, దుప్పటి నాలుగు మడతలు పెట్టి సీటుమీద ఉంచింది.

జూన్లో బడి తెరిచారు. ఆ సారే అడిగాడు. "అమ్మగారు రిటైరైనట్టేనా?"

"నర్సు కాదండి. నేను అబద్ధం చెప్పాను. ఇళ్లల్లో పాచిపని చేసింది" అన్నాను. స్టాఫ్‌రూంలో ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. మాట మార్చడానికి కాబోలు ఆయన టిక్కెట్టు ధర అడిగాడు. అదీ చెప్పాను.

"అయిదు గంటల ప్రయాణానికి అంత దండగెందుకు మాస్టారూ?" అన్నాడు.

అప్పుడు జవాబు చెప్పలేదు, గంట కొట్టారు. ఇప్పుడు చెప్తున్నా. ఆ లోను ఇంకా కడుతున్నాను. జీతం బిల్లులో ఆ కోత కనపడ్డ ప్రతినెలా నాకు మెట్లకింద గది పొడవు గుర్తొస్తుంది. దండగో కాదో ఆ గదిలో పడుకున్నవాళ్లను అడగండి.