గయ్యాళికి పర్యాయపదం

ఒక మనిషిని అర్థం చేసుకోవడానికి యేళ్ళు కావాలి. అతనికి ఒక మాట తగిలించడానికి మాత్రం నిమిషం చాలు. హాస్టల్లో చేరిన వారం తిరక్కుండానే ప్రతివాడికీ ఒక బిరుదు ఖాయమైపోతుంది. అడిగితే సబ్బు ఇవ్వనివాడు పిసినారి. మొదటి పీరియడుకు రానివాడు నిద్రపోతు. దీపం ఆర్పాక కూడా మాట్లాడేవాడు వసపిట్ట. ఇక ఆ బిరుదు చదువు పూర్తయ్యేదాకా వదలదు. కొందరి అసలు పేరు వాళ్ళ పెళ్ళి శుభలేఖ అందిన రోజున గాని మనకు తెలియదు.

ఇదంతా యెందుకు చెబుతున్నానంటే, ఈ యేడు మా గదిలో ఒక కొత్త కాలక్షేపం మొదలైంది. ముందు ముందు టెట్టు, డీయస్సీ రాద్దామనుకునేవాళ్ళం నలుగురం వున్నాం. తెలుగులో పర్యాయపదాలు అడుగుతారు గనక, రాత్రి భోజనాలయ్యాక ఒకరు మాట ఇవ్వడం, మిగతావాళ్ళు దానికి సమానమైన మాటలు చెప్పడం. సూర్యుడు, చంద్రుడు, తామర, యేనుగు వారం రోజుల్లో అయిపోయాయి. వాటితో పేచీ లేదు. భానుడన్నా, రవి అన్నా, ఆదిత్యుడన్నా సూర్యుడు యేమీ అనుకోడు గదా! ఆ తర్వాత మనుషుల తీరును తెలిపే మాటల మీద పడ్డాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇది కొత్త విద్యేమీ కాదు. తెలుగు మాటలకు పర్యాయపదాలను పద్యాల్లో కూర్చిన పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామ సంగ్రహం’లో ‘మానవ వర్గు’ అని ఒక భాగమే వుంది. అంతకు చాలాముందు సంస్కృతంలో అమరసింహుడు చేసిన పనీ యిదే. వెనకటి రోజుల్లో వీటిని పిల్లలచేత వల్లె వేయించేవారు. మేం వల్లె వేయలేదు గాని, లైబ్రరీనుంచి అమరకోశం తెచ్చుకుని తిరగేశాం.

మొదటి మాట పిసినారి. పీనాసి, లోభి, లుబ్ధుడు, కృపణుడు వరసగా వచ్చాయి. లుబ్ధుడు అనగానే ఒక మిత్రుడు “లుబ్ధావధాన్లు!” అని అరిచాడు. నిజమే. 1897లో మొదటిసారి అచ్చయిన ‘కన్యాశుల్కం’లో గురజాడవారు ఆ పాత్రకు పేరు పెట్టేటప్పుడే గుణం కూడా పెట్టేశారు. గిరీశమైతే ఇంకో అడుగు ముందుకు వేసి, తన పేరునే ఒక రకం మనిషికి పర్యాయపదం చేసేసుకున్నాడు.

అమరకోశంలో పిసినారికి మితంపచుడు అనే మాట కూడా కనబడింది. కొలిచి వండేవాడు అని అర్థం. ఈ సంగతి మా మెస్సు వంటమాస్టారికి చెబితే ఆయన గరిటె ఆపి, “మరి కొలవకుండా వండితే నెలాఖరుకి మీరేం తింటారు బాబూ?” అన్నాడు. మాకెవరికీ జవాబు తోచలేదు. కృపణుడు అనే మాటకు దీనుడు, జాలిపడదగినవాడు అనే అర్థమూ వుంది. ఇంగ్లీషు మైజర్ కూడా లాటిన్లో దీనుడనే అర్థమున్న మాటే. రెండు భాషలవాళ్ళూ పిసినారిని తిట్టబోయి కాస్త జాలి కూడా పడ్డారన్నమాట. అదే మనిషిని ఇంట్లోవాళ్ళు అడిగితే పొదుపరి అంటారు, వినాయక చవితి చందాలవాళ్ళు అడిగితే పిసినారి అంటారు. మనిషి ఒక్కడే. గుమ్మానికి ఇవతల ఒక మాట, అవతల ఒక మాట.

పండితుడికి అమరకోశంలో బోలెడన్ని మాటలున్నాయి. అందులో దోషజ్ఞుడు ఒకటి. తప్పులు తెలిసినవాడు. మా లెక్చరర్లు దిద్దిన జవాబు పత్రాల్లో ఎర్రసిరా చూసినవారెవరూ ఈ మాటతో విభేదించరనుకుంటాను.

ఇంకో చిత్రం గమనించాం. మెచ్చుకునే మాటలు చాలావరకు సంస్కృతంలో వున్నాయి: దాత, ఉదారుడు, వదాన్యుడు, మితభాషి, వినయశీలి. తిట్టే మాటలు చూడండి: తిండిపోతు, వదరుబోతు, పొగరుబోతు, టక్కులమారి, కోతలరాయుడు. ఎంత దిట్టంగా వున్నాయో! మనం మెచ్చుకునేది సభల్లోనూ సన్మానపత్రాల్లోనూ గనక దానికి గ్రాంథికం సరిపోయింది. తిట్టడం రోజూ చేసే పని. దానికి ఇంటి భాషే కావాలి.

ఇలా నవ్వులతో సాగుతుండగా ఒకరోజు రాత్రి ‘గయ్యాళి’ వచ్చింది. జగడాలమారి అన్నారొకరు. నోటిదురుసు మనిషి అన్నారింకొకరు. మూడో మిత్రుడు “సూర్యకాంతం” అన్నాడు. అందరం నవ్వాం, నేనూ నవ్వాను. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ను ఇప్పటికీ టీవీలో వేస్తే చూడనివారెవరు? అయితే ఆ మహానటి తెరమీద అంత బాగా గయ్యాళిగా జీవించడంవల్ల, ఆ పేరు ఆడపిల్లలకు పెట్టుకోవడానికే జనం జంకారంటారు. తెరవెనక ఆమెది మెత్తని మనసనీ, షూటింగులకు ఇంటినుంచి వంటకాలు తెచ్చి తోటివారికి పెట్టేవారనీ ఆమెతో పనిచేసినవారు చెప్పేవారు. ఆమె 1994లో కన్నుమూశారు. మాటలో మాత్రం గయ్యాళిగానే మిగిలిపోయారు.

అప్పుడు నాకొక సందేహం వచ్చింది. “గయ్యాళికి పుంలింగం చెప్పండి” అన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. నిఘంటువు సంగతి యెలా వున్నా, వాడుకలో అలాంటి మాట మాకు దొరకలేదు.

ఆ సందేహం నాకు వూరికే రాలేదు. మాది కోనసీమ. తాతయ్య పోయేనాటికి మా మామ్మకు ఇరవై రెండేళ్ళు, నాన్నకు మూడు. మిగిలింది నాలుగెకరాల మాగాణి, కొంత అప్పు. అదీ కాలువ శివారు భూమి. పైవాళ్ళు తడుపుకోగా మిగిలిన నీరే మాకు. వంతు మాదైన రాత్రి కూడా పై చేను రైతు బోదెకు అడ్డుకట్ట వేసుకునేవాడు. మామ్మ లాంతరూ పారా పట్టుకుని వెళ్ళి గట్టుమీద కూర్చునేది. అడ్డుకట్ట పడితే తనే దిగి తవ్వేసేది. నోటికొచ్చినట్టు తిట్టేది కూడా, అందులో అబద్ధం లేదు. ఆ తిట్లు రెండు వీధుల అవతలికి వినబడేవట. కొలతలో మోసం చేయబోయిన కౌలుదారుణ్ణి కళ్ళంలోనే నిలదీసింది. పంచాయతీకి పిలిస్తే మగాళ్ళ మధ్య నుంచుని జవాబు చెప్పింది. వూరు ఆమెను గయ్యాళి అంది. పై చేను రైతు కూడా నీళ్ళకోసం అరిచేవాడే, అవసరమైతే కర్ర యెత్తేవాడే. అతన్ని మాత్రం ‘గట్టివాడు’ అంది.

ఇంటరు చదివే రోజుల్లో ఒకసారి అడిగాను. “మామ్మా, నిన్ను వూళ్ళో గయ్యాళి అంటారట గదా, నీకు కోపం రాదా?”

ఆమె వత్తులు చేసుకుంటోంది. తలెత్తకుండానే, “రాకేం? కాని నోరు లేకపోతే నీరు రాదురా నాయనా. నీరు రాకపోతే మీ నాన్నకు చదువు రాదు” అంది.

వూరు ఆమెను అన్న మాట ఇంకొకటి వుంది. మగవాణ్ణి తిట్టాలన్నా మనం ఆ మాటే వాడతాం. వెధవ. విధవ అనే శబ్దంనుంచి వచ్చిందే. భర్త పోవడం ఆడదాని గుణమా, దోషమా, అది తిట్టు కావడానికి? మా గోదావరి ఒడ్డునే, రాజమహేంద్రవరంలో, కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించారు. నూట నలభై యేళ్ళు దాటిపోయాయి. ఆచారం చాలావరకు మారింది. తిట్టు మారలేదు. మన హాస్టలు వరండాలో పొద్దుటినుంచి రాత్రి దాకా అది యెన్నిసార్లు వినబడుతుందో ఒకరోజు లెక్కపెట్టి చూడండి.

పర్యాయపదాలంటే ఒకే అర్థం గల మాటలని వ్యాకరణం చెబుతుంది. వస్తువుల విషయంలో అది చాలావరకు నిజం. మనుషుల విషయంలో మాట మారితే తీర్పు మారిపోతుంది. పరీక్షలో గయ్యాళి అని ఇచ్చి కింద నాలుగు జవాబులు ఇస్తే, జగడాలమారి అన్నచోటే నేనూ టిక్కు పెడతాను. మార్కు మార్కే కాబట్టి పోగొట్టుకోను. కాని రేపు ఉద్యోగం వచ్చి నేనూ ఒక పంతులునైతే, పిల్లలచేత ఈ అభ్యాసం తప్పకుండా చేయిస్తాను. ప్రతి మాట పక్కనా ఇంకొక గడి గీయిస్తాను. ‘ఈ మాట అన్నదెవరు?’ అని ఆ గడికి పేరు పెడతాను.

పిసినారి: అన్నది చందా దొరకనివాడు.

గయ్యాళి: అన్నది నీళ్ళు మళ్ళించుకోబోయినవాడు.