రెండంగుళాలు... చాలు!

ఎటు చూసినా ఎర్రటి రాయి. ఏనుగు వీపులాంటి నున్నటి బండ మీద నల్లటి టైరు చారలు నిట్టనిలువుగా పైకి పోతుంటాయి. 'ఇదీ ఓ దారేనా?' అనుకునేలోపే ముందున్న జీపు మూతి ఆకాశం వైపు పెట్టి ఎక్కేస్తుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోయాబ్ అనే చిన్న ఊరి శివార్లలో కనిపించే దృశ్యమిది.

సాల్ట్‌లేక్ సిటీ నుంచి దాదాపు 375 కిలోమీటర్లు ప్రయాణిస్తే మోయాబ్ వస్తుంది. పక్కనే కొలరాడో నది. దూరంగా మంచు కప్పుకున్న లాసాల్ పర్వతాలు. 1964లో ఏర్పడిన కేనియన్‌ల్యాండ్స్, 1971లో జాతీయ పార్కు హోదా పొందిన ఆర్చెస్... రెండూ ఇక్కడికి దగ్గరే. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ సెలవుల్లో వచ్చి, ఆర్చెస్‌లోని రాతి తోరణాల ముందు ఫొటోలు దిగి వెళ్తుంటాయి. అయితే జీపు ప్రియులకు మాత్రం అసలు మోయాబ్ తారురోడ్డు అయిపోయాకే మొదలవుతుంది!

యురేనియం వేసిన బాటలు

ఈ కొండల్లోకి దారులు వేసింది విహారయాత్రికులు కాదు. 1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతంలో భారీ యురేనియం నిక్షేపాన్ని కనిపెట్టాడు. అంతే, అదృష్టం వెతుక్కుంటూ జనం ఎగబడ్డారు. ఖనిజం కోసం కొండ అంచుల వెంట బాటలు తొలిచారు. తర్వాత ఆ జోరు తగ్గిపోయింది. బాటలు మిగిలాయి. కేనియన్‌ల్యాండ్స్‌లో దాదాపు 160 కిలోమీటర్ల పొడవున సాగే వైట్ రిమ్ రోడ్డు అలాంటిదే. ఇప్పుడక్కడికి వెళ్లాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి. నేల నుంచి ఎత్తుగా ఉండే ఫోర్‌వీల్ డ్రైవ్ బండీ ఉండాలి.

1967 నుంచి ఇక్కడ 'ఈస్టర్ జీప్ సఫారీ' జరుగుతోంది. ఆ రోజుల్లో ఊరు ఊరంతా జీపులే. ఒకటి సన్నగా, ఒకటి బుల్డోజరంత ఎత్తుగా... చూసినవాళ్లకు ఒకటే సందేహం. ఈ రాళ్ల మీద తిరగడానికి బండిని ఎంత ఎత్తు పెంచాలి?

ఒకటిన్నర నుంచి రెండంగుళాలు చాలంటారు అనుభవజ్ఞులు. అదీ కంపెనీ ఇచ్చిన షాక్ అబ్జార్బర్లను మార్చకుండానే! అదెలా?

ఎత్తు పెంచితే ఏమవుతుంది?

కాయిల్ స్ప్రింగుల జీపుల్లో ఇది తేలికైన పని. స్ప్రింగుకీ అది కూర్చునే చోటుకీ మధ్య గట్టి ప్లాస్టిక్‌తోనో లోహంతోనో చేసిన మందపాటి బిళ్లను పెడతారు. దాన్నే స్పేసర్ అంటారు. దాంతో బండి శరీరం పైకి లేస్తుంది. బండరాయి శిఖరం దాటేటప్పుడు జీపు కడుపు రాయికి రాసుకోదు. కాస్త పెద్ద టైర్లు వేసుకోవడానికీ చోటు దొరుకుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్పేసర్ వేస్తే చక్రాల మధ్య ఉండే ఇరుసు, దాని డిఫరెన్షియల్ అంగుళం కూడా పైకి లేవవు. వాటిని లేపేది టైరు ఒక్కటే. అదీ టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది అంగుళమే!

స్ప్రింగు బండి బరువు మోస్తుంది. షాకు ఆ స్ప్రింగు ఊగులాటను అదుపు చేస్తుంది. అది లేకపోతే గుంటలో పడిన బండి ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. కంపెనీవాళ్లు తమ స్ప్రింగు బిగువుకు తగినట్టే షాకును తయారుచేస్తారు. స్పేసర్ వేసినా స్ప్రింగు అదే, దాని బిగువూ అదే. కాబట్టి పాత షాకుకు పని కొత్తగా అనిపించదు. జేబుకూ భారం తగ్గుతుంది.

మంచం ఉన్నంత వరకే...

మరి నాలుగంగుళాలు పెంచేస్తే ఇంకా బాగుంటుంది కదా? ఉండదు! షాకు పొడవుకు ఓ హద్దు ఉంది. మామూలు ఎత్తులో నిలబడ్డ బండి చక్రం అక్కడి నుంచి మరో నాలుగంగుళాలు కిందికి జారే వీలుందనుకుందాం. బండిని రెండంగుళాలు ఎత్తితే ఆ షాకు ముందే రెండంగుళాలు సాగిపోయి ఉంటుంది. ఇక కిందికి మిగిలింది రెండే. నాలుగు ఎత్తితే? ఏమీ మిగలదు!

మోయాబ్‌లో 'హెల్స్ రివెంజ్' అనే బాట ఉంది. పేరుకు తగ్గట్టే నరకం పగబట్టినట్టు ఉంటుంది. సన్నటి రాతి వీపుల మీద, అటూ ఇటూ లోయలతో సాగుతుంది. అక్కడ ఒక చక్రం రాయెక్కితే మరొకటి గుంటలోకి దిగాలి. దిగి నేలను పట్టుకోవాలి. షాకు పొడవు చాలకపోతే ఆ చక్రం గాల్లో వేలాడుతుంది. పట్టు పోతుంది, బండి ఒరుగుతుంది. కుదుపు వచ్చిన ప్రతిసారీ షాకు చివరంటా సాగి 'టక్'మని కొట్టుకుంటుంది. కొన్నాళ్లకు అది పాడవడం ఖాయం. మంచం ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలన్న మన పెద్దల మాట ఇక్కడ అచ్చంగా సరిపోతుంది.

అందుకే తెలిసినవాళ్లు బిళ్లలు బిగించగానే కొండెక్కరు. చదును నేల మీద ఒక చక్రాన్ని మెల్లగా దిమ్మె ఎక్కించి, కిందికి వేలాడే చక్రం దగ్గర వంగి చూస్తారు. షాకు ఇంకా కాస్త సాగేలా ఉందా? బ్రేకు గొట్టం బిగుసుకుపోయిందా? స్ప్రింగు తన చోటులోనే ఉందా? తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయిస్తారు. పైకి లేచిన హెడ్‌లైట్లను మళ్లీ కిందికి సరిచేస్తారు. ఎత్తు పెరిగిన బండి మలుపుల్లో త్వరగా ఒరుగుతుంది కాబట్టి హైవే మీద వేగమూ తగ్గిస్తారు.

మన దగ్గర చేయొచ్చా?

ఇదంతా చదివాక ఇంట్లోని జీపు మీదికి చూపు మళ్లడం సహజమే. కానీ తొందరపడకూడదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ పేర్కొన్నవాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే స్పష్టం చేసింది. కాబట్టి మెకానిక్ కన్నా ముందు ఆర్టీవో ఆఫీసులో అడగడం మంచిది.

మోయాబ్‌లోనూ హద్దులున్నాయి. అక్కడి ఇసుక నేల మీద నల్లగా పొంగినట్టుండే పొర నిజానికి ప్రాణమున్నది. సూక్ష్మజీవులు అల్లుకుని, గాలికి మట్టి కొట్టుకుపోకుండా ఆపే పొర అది. ఒక్కసారి టైరు కింద నలిగితే కోలుకోవడానికి ఏళ్లు, ఒక్కోచోట దశాబ్దాలు పడుతుంది. అందుకే గుర్తించిన బాట దాటి చక్రం పక్కకు తిప్పకూడదన్నది అక్కడి మొదటి నియమం. బండి ఎంత ఎత్తుదైనా, దాని యజమాని ఎంత మొనగాడైనా!